మొదటి రెండు బిందెలు వాసన వస్తున్నాయి: తప్పు ప్లాంటులోనా, పైపులోనా?

మిద్దెమీది_తులసి | జులై 8, ఉదయం 6:52

అందరికీ నమస్కారం. మాది కడప జిల్లాలో ఒక టౌన్. ఊరి పేరు రాయను, ఎవరినీ బజారుకు ఈడ్చాలని కాదు నేను అడుగుతున్నది. మా వీధికి రోజు విడిచి రోజు తెల్లారుజామున 4:45కు నీళ్ళు వదులుతారు, గంటసేపు వస్తాయి. నెల రోజులుగా మొదటి రెండు బిందెలు వాసన. మోరీ పక్కన నిలబడితే ఎట్లుంటుందో అట్లాంటి వాసన. మూడో బిందె నుంచి బాగుంటాయి. చూడ్డానికి అన్నీ తేటగానే ఉంటాయి. పోయిన వారం మా చిన్నోడికి, ఎదురింటి ఇద్దరు పిల్లలకు వాంతులు, విరేచనాలు. ఆఫీసుకు పోయి అడిగితే ప్లాంటులో పరీక్ష చేసిన కాగితం చూపించారు. అన్నీ బాగానే ఉన్నాయి అందులో. అబద్ధమని నాకైతే అనిపించలేదు. మరి మా కొళాయిలో ఎందుకిట్లా? మా ఆయన ఆర్‌ఓ మిషన్ కొందామంటున్నాడు, మా అత్తమ్మ కాచి తాగితే చాలంటుంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

బుగ్గవంక_బాబు | జులై 8, ఉదయం 8:10

మేడం, ఆలోచించకుండా ఆర్‌ఓ పెట్టించండి. మా ఇంట్లో బోరు నీళ్ళు టీడీఎస్ 1,100 ఉండేది, ఇప్పుడు మీటరు పెడితే 70 చూపిస్తోంది. పిల్లలున్న ఇంట్లో రిస్క్ వద్దు.

తుంగభద్ర_తేట | జులై 8, రాత్రి 9:35

తులసి గారూ, ముందు పిల్లల సంగతి. లీటరుకు సరిపడే ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను సరిగ్గా ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండండి. అరలీటరులో చిక్కగా కలపకండి. డాక్టరుకు చూపించండి, జింక్ మాత్రలు రాస్తే తగ్గింది కదా అని మధ్యలో ఆపొద్దు. వాసన సంగతి తేలేదాకా మీ అత్తమ్మ చెప్పినట్టు కాచే తాగండి. ఆమె మాట సరైనదే.

నేను కర్నూలులో ఉంటాను. 17 ఏళ్ళుగా ఫిల్టర్ ప్లాంట్లు, మురుగుశుద్ధి ప్లాంట్ల మీదే నా పని. మీరు రాసినదాంట్లో నాకు అసలైన ఆధారం ‘మొదటి రెండు బిందెలు’ అన్న మాట. తప్పు ప్లాంటులో ఉంటే మొదటి బిందె, ఇరవయ్యో బిందె ఒకే తీరుగా ఉంటాయి. మొదట వాసన వచ్చి తర్వాత తేరుకుంటున్నాయంటే, నీళ్ళు ఆగిపోయిన సమయంలో మీ వీధి పైపులోకి బయటి నుంచి ఏదో చేరుతోంది. నీళ్ళు వదిలినప్పుడు అదే ముందు తోసుకొస్తోంది.

మీకు చూపించిన కాగితం నిజమే అయి ఉంటుంది. ప్లాంటులో ఏం జరుగుతుందో కొంచెం చెప్తాను. ఇక్కడ జులై, ఆగస్టు నెలల్లో తుంగభద్రకు కొత్తనీళ్ళు వచ్చిన పొద్దున ఎర్రగా, వండుతో నిండిన నీళ్ళు ప్లాంటుకు చేరతాయి. ముందురోజు వేసిన పటిక లెక్క ఆ రోజు పనికిరాదు. ఆరు బీకర్లలో లీటరు లీటరు నీళ్ళు పోసి, ఒకదాంట్లో 20, ఇంకోదాంట్లో 30, అట్లా 70 మిల్లీగ్రాముల దాకా పటిక ద్రావణం వేసి, ఒక నిమిషం జోరుగా, తర్వాత పదిహేను ఇరవై నిమిషాలు మెల్లగా తిప్పుతాం. అప్పుడు చూడాలి. మొదట ఏమీ ఉండదు, తర్వాత సూది మొనంత రేణువులు, కాసేపటికి దూది పింజల్లాగా అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. తిప్పడం ఆపితే ఒక బీకరులో పింజలు బరువుగా దిగిపోయి పైన గాజులాంటి నీళ్ళు మిగులుతాయి. పక్క బీకరులో పటిక ఎక్కువైనా మసక మసగ్గానే ఉంటుంది. ఆ రోజుకు తేట బీకరే మా లెక్క. పటిక నీటిలోని క్షారగుణాన్ని తినేస్తుంది, పీహెచ్ పడిపోతే సున్నం కలపాలి. ఆ తర్వాత ఇసుక ఫిల్టరు, ఆఖరున క్లోరిన్, కనీసం అరగంట నిలవ. ఇన్ని దాటిన నీళ్ళు ప్లాంటు గేటు దగ్గర బాగుండటంలో ఆశ్చర్యం లేదు. కానీ జనం తాగేది ప్లాంటు గేటు దగ్గర కాదు. ఇరవై కిలోమీటర్ల పైపు దాటి, వీధి చివర ఇంట్లో తాగుతారు. నా దృష్టిలో ఆ చివరి కొళాయే అసలు పరీక్ష.

నాకు ఇవి చెప్పండి: మీ వీధి పల్లంలో ఉందా? కొళాయిలకు మోటార్లు బిగించారా? నీళ్ళు అందక గుంత తవ్వి కొళాయి కిందికి దించుకున్న ఇళ్ళున్నాయా? పైపు ఎక్కడైనా మోరీ దాటుతుందా?

మిద్దెమీది_తులసి | జులై 9, మధ్యాహ్నం 2:20

సార్, మీరు మా వీధి చూసి రాసినట్టుంది. మాది పల్లమే. పదహారు ఇళ్ళలో తొమ్మిదింటికి మోటార్లున్నాయి, మాకూ ఉంది. గుంత కొళాయిలు మూడు. మోరీ రెండు పక్కలా ఉంది, పైపు ఎక్కడ దాటుతుందో తెలీదు. పిల్లలు కోలుకున్నారు.

పెన్నహోబిలం | జులై 9, రాత్రి 7:48

బాబు గారికి ఒక మాట. అనంతపురం జిల్లాలో పల్లె మంచినీళ్ళ పథకాల్లో పనిచేసి రిటైరయినవాణ్ణి. టీడీఎస్ మీటరు నీళ్ళలో కరిగిన లవణం ఎంతో ఉజ్జాయింపుగా చెప్తుంది, అంతే. మోరీ నీళ్ళు ఒక చెంబు కలిసినా దాని అంకె పెద్దగా కదలదు. క్రిములను అది చూడలేదు. ఫ్లోరైడ్ ఎంతుందో కూడా చెప్పలేదు.

ఫ్లోరైడ్ సంగతి వచ్చింది కాబట్టి రాస్తున్నా. మా జిల్లాలో ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళు తాగి ముప్పై ఐదేళ్ళకే మెడ తిరగక, పక్కనున్న మనిషిని చూడాలంటే ఒళ్ళంతా తిప్పే మనుషులను చూశాను. పిల్లల పళ్ళమీద గోధుమరంగు చారలు. దొడ్డికాళ్ళు. ఆ నీళ్ళకు రుచిలో తేడా ఉండదు, వాసన ఉండదు. కాస్తే పోదు సరికదా, నీళ్ళు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫరవాలేదు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది కూడా మన తెలుగు నేలలోనే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. పటిక, సున్నం, బ్లీచింగ్‌తో ఫ్లోరైడ్ తీసే నల్గొండ పద్ధతి మేమూ పెట్టాం. పద్ధతిలో లోపం లేదు. కానీ రోజూ కొలిచి వేసే మనిషి, దిగిన బురదను రోజూ ఎత్తిపోసే మనిషి కావాలి. ఆ మనిషికి నెలనెలా జీతం అందని ఊళ్ళో ఆరు నెలల్లో డ్రమ్ము ఎండిపోయింది. బోరును వదిలేసి దూరం నుంచి నది నీళ్ళు తేవడమే నిలబడే దారి అని నాకు అప్పుడే అర్థమైంది. 1990ల నడుమ సత్యసాయి మంచినీళ్ళ పథకం 700 పైచిలుకు ఊళ్ళకు పోయినప్పుడు ఆ తేడా కళ్ళారా చూశాను.

తులసమ్మా, మీ బాధ ఫ్లోరైడ్ కాదు. మీ బాధ మోరీ. పైన రాసిన సార్ మాట వినండి.

బుగ్గవంక_బాబు | జులై 9, రాత్రి 9:02

సార్, టీడీఎస్ మీటరు గురించి నాకు ఇది తెలీదు, థాంక్స్. ఒక డౌట్. మోరీ బాధ పైపు నీళ్ళకే కదా? బోరైతే భూమిలోపల నుంచి వస్తుంది, క్లీన్‌గా ఉండాలి కదా?

తుంగభద్ర_తేట | జులై 10, ఉదయం 5:50

బాబు గారూ, మన్ను బాగా మందంగా ఉన్నచోట కొంతవరకు నిజం. మన్నే వడపోస్తుంది. మన సీమలో చాలాచోట్ల మూడడుగులు తవ్వితే బండ. అనంతపురం వైపు నల్లరాయి, పగుళ్ళతో. కర్నూలు, కడప వైపు చాలాచోట్ల సున్నపురాయి. బెలుం గుహలు చూశారు కదా, సున్నపురాయిని నీళ్ళు ఎంత లోతుగా తొలుస్తాయో అక్కడ నడిచి చూడొచ్చు. అట్లాంటి నేలలో సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చేది పగులు వెంబడి బోరుకు చేరడానికి ఎక్కువ కాలం పట్టదు. బోరు నీళ్ళలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిందంటే నేను ముందు చుట్టుపక్కల సెప్టిక్ ట్యాంకులు, పేడదిబ్బలు ఎక్కడున్నాయో చూస్తాను. మంచినీళ్ళ పని, మురుగు పని రెండు వేర్వేరు డిపార్ట్‌మెంట్లు కావచ్చు, భూమిలోపల మాత్రం రెండూ ఒకటే. హంద్రీ, తుంగభద్ర కలిసే ఊళ్ళో ఉండి ఇది మరిచిపోలేను. ఎగువ ఊరు ఏం వదిలితే దిగువ ఊరు దాన్నే ఎత్తి తాగాలి.

తులసి గారూ, ఇప్పుడు మీ వీధి. మూడేళ్ళ కింద ఇంకో టౌన్‌లో ఇదే కేసు చూశాను. పేట మొత్తం విరేచనాలు. అక్కడా ప్లాంటు కాగితాలు బాగున్నాయి. నేను, ఇద్దరు ఫిట్టర్లు తెల్లారుజామున నాలుగింటికి క్లోరోస్కోప్ పట్టుకుని బయల్దేరాం. చిన్న పెట్టె, రెండు గాజు గొట్టాలు, ఒక సీసాలో ద్రావణం. గొట్టంలో గీత దాకా కొళాయి నీళ్ళు పట్టి చుక్కలు వేస్తే క్లోరిన్ ఉంటే పసుపు తిరుగుతుంది. రంగును పక్కనున్న పట్టీతో పోల్చాలి. ట్యాంకు కింద మొదటి ఇంట్లో క్లోరిన్ లీటరుకు 0.8 మిల్లీగ్రాము. వీధి మలుపులో 0.5. ఆ తర్వాత ఒక కల్వర్టు దాటాం. కల్వర్టు అవతలి ఇంట్లో నీళ్ళు నీళ్ళలాగే ఉండిపోయాయి. ఒక్క చుక్క పసుపు లేదు. చివరి ఇంటి దాకా తొమ్మిది ఇళ్ళు చూశాం, తొమ్మిదీ అంతే.

కల్వర్టు కింద తవ్వితే ఒక ఇంటి కనెక్షన్ ఇనుప పైపు మోరీ మధ్యలో నుంచే పోతోంది. బురద కడిగి చేత్తో తడిమితే తుప్పు పొరలు రాలాయి. పొరల కింద శనగగింజంత చిల్లు. నీళ్ళు వచ్చే గంటసేపు ఆ చిల్లులోంచి మంచినీళ్ళు మోరీలోకి చిమ్ముతాయి. మోరీలో కాబట్టి ఎవరికీ కనబడదు. సప్లై ఆగాక పైపు ఖాళీ అవుతూ లోపలికి గుంజుతుంది. రోజు విడిచి రోజు గంట నీళ్ళంటే మిగతా 47 గంటలు ఆ చిల్లు మోరీ నీళ్ళలో మునిగి ఉంటుంది. కొంచెం లోపలికి పోయినా చాలు, పైపులో ఉన్న క్లోరిన్ అంతా ఆ మురుగుతో పోరాడి అయిపోతుంది. అందుకే రంగు రాలేదు.

గుంత కొళాయి ఇంకా మోసం. పంపు బాగా నడవని రోజుల్లో ప్రెజర్ అందక పాపం జనం గుంత తవ్వుకుంటారు. వాళ్ళను తిట్టలేం. కానీ ఆ గుంతలోకి బట్టలు ఉతికిన నీళ్ళు, వానకు మోరీ పొంగిన నీళ్ళు చేరతాయి. కొళాయికి తగిలించిన ట్యూబు కొస అందులో మునిగి ఉంటే, సప్లై ఆగిన క్షణాన ఆ గుంత నీళ్ళు వెనక్కి పైపులోకి పోతాయి. మోటార్లు నీళ్ళు వచ్చే గంటలో కూడా ఇదే పని చేస్తాయి. తొమ్మిది మోటార్లు ఒక్కసారి లాగితే పైపులో ప్రెజర్ పోయి గుంజుడు మొదలవుతుంది. దయచేసి మీ మోటారు కొళాయికి తీసేసి, సంపులోకి నీళ్ళు వాటంతటవే పడనిచ్చి, సంపులోంచి పైకి ఎక్కించుకోండి.

మీ వార్డు సచివాలయంలో క్లోరోస్కోప్ ఉందేమో అడగండి. లేదంటే కిట్ పెద్ద ధరేమీ కాదు. ఆ ద్రావణం చేతికి అంటనివ్వకండి, పరీక్ష చేసిన నీళ్ళు మోరీలో పారబోయండి. ఇప్పుడు గులాబీ రంగు వచ్చే డీపీడీ మాత్రలు దొరుకుతున్నాయి, దొరికితే అవే మేలు. చివరి ఇంట్లో కనీసం 0.2 రావాలి.

పంపుహౌస్_కాడ | జులై 10, ఉదయం 11:15

సార్, నేను కర్నూలు జిల్లాలో ఒక పల్లెలో పంప్ ఆపరేటర్‌ని. మీరు చెప్పే క్లోరిన్ వేస్తే ఊళ్ళో నాతో గొడవ. “నీళ్ళు మందు వాసన, అన్నంలో కూడా వస్తోంది” అని ఇంటికొచ్చి అరుస్తారు. ఒకరోజు బ్లీచింగ్ కొంచెం ఎక్కువ పడింది, అప్పటి నుంచి భయపడి తగ్గించేశాను. 60 వేల లీటర్ల ట్యాంకు. అసలు ఎంత వేయాలో నాకు ఎవరూ లెక్క కట్టి చెప్పలేదు. గుప్పెళ్ళ లెక్కన వేస్తున్నా. నిజంగా టెన్షన్‌గా ఉంటుంది సార్.

తుంగభద్ర_తేట | జులై 10, సాయంత్రం 6:30

తమ్ముడూ, అడిగినందుకు సంతోషం. గుప్పెడు వద్దు. నీ బ్లీచింగ్ పౌడరులో 25 శాతం క్లోరిన్ ఉందనుకుంటే వెయ్యి లీటర్లకు 4 గ్రాములు వేస్తే లీటరుకు 1 మిల్లీగ్రాము అవుతుంది. నీ ట్యాంకుకు 240 గ్రాములు. కిరాణా కొట్టులో ఒకసారి తూచి, అది సరిగ్గా పట్టే డబ్బా ఒకటి పెట్టుకో. బకెట్‌లో ముందు కొద్ది నీళ్ళతో ముద్దలాగా కలిపి, తర్వాత నీళ్ళు పోసి కలిపి పక్కన పెట్టు. సున్నం అడుక్కు దిగుతుంది. పైన తేటనీళ్ళు మాత్రమే ట్యాంకులో పోయి, సున్నం వద్దు. ట్యాంకు నిండుతున్నప్పుడు పోస్తే బాగా కలుస్తుంది. అరగంట ఆగి వదులు.

బస్తా మూతి తెరిచి పంపుహౌస్ ఎండలో పెడితే నెలలో బలం పోతుంది. అప్పుడు 240 వేసినా చివరి ఇంట్లో రంగు రాదు. కాబట్టి డబ్బా లెక్కతో మొదలుపెట్టు, చివరి ఇంటి రంగును బట్టి పెంచు, తగ్గించు. వాసన గురించి అరిచేవాళ్ళను ఒకరిద్దర్ని పిలిచి ఆ రంగు చూపించు. ఆ పసుపు ఉన్నంతసేపు నీళ్ళకు కాపలా ఉన్నట్టు అని చెప్పు. తాగే నీళ్ళు బిందెలో పట్టి గుడ్డ కప్పి రాత్రంతా పెడితే వాసన చాలావరకు పోతుంది.

మడకశిర_అవ్వ | జులై 10, రాత్రి 8:40

మా మనవడు టైప్ చేస్తున్నాడు. పటిక సంగతి చదివి గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు చెరువు నీళ్ళు తెచ్చి, కుండ లోపల చిల్లగింజ అరగదీసేవాళ్ళం. తెల్లారేసరికి మన్నంతా అడుగున పేరుకుని పైన నీళ్ళు తేటగా ఉండేవి. ఇప్పటి పిల్లలకు ఆ గింజ చూపిస్తే పేరు కూడా తెలీదు. అది ఒట్టి నమ్మకమా, పని చేస్తుందా నాయనా?

తుంగభద్ర_తేట | జులై 10, రాత్రి 10:05

అవ్వా, నిజంగా పని చేస్తుంది. పటిక చేసేది, చిల్లగింజ చేసేది ఒకటే కార్యం: విడివిడిగా తేలే సన్న మట్టిని కూడగట్టి కిందికి దించడం. ఆరు బీకర్లతో నేను చేసే పరీక్షను మీరు కుండలో చేశారు. తేటపడిన నీళ్ళలో క్రిములు మాత్రం కొన్ని మిగిలే ఉంటాయి. అందుకే తర్వాత కాచాలి, లేదా క్లోరిన్ కలపాలి.

జేఎన్‌టీయూ_అనంత | జులై 11, మధ్యాహ్నం 1:12

సార్, సివిల్ ఫైనల్ ఇయర్. ఎం.టెక్. ఎన్విరాన్‌మెంటల్ తీసుకుందామంటే ఇంట్లో “డ్రైనేజీ ఇంజనీరు అవుతావా” అంటున్నారు. ఫీల్డ్‌లో ఏం నేర్చుకోవాలి?

తుంగభద్ర_తేట | జులై 11, రాత్రి 9:20

తీసుకోండి. డిజైన్ పుస్తకంలో ఉంటుంది. ఫీల్డ్‌లో ముక్కు, కన్ను నేర్చుకోవాలి. మురుగుశుద్ధి ప్లాంటులో గాలి కొట్టే ట్యాంకు బురద ఆరోగ్యంగా ఉంటే గోధుమరంగులో, తొలకరికి తడిసిన మట్టి వాసన వస్తుంది. నల్లబడి కుళ్ళిన గుడ్డు వాసన వస్తే గాలి చాలట్లేదు. లీటరు జాడీలో అరగంట పెడితే ఎంత దిగిందో చూసి రేపటి పని నిర్ణయించుకోవచ్చు. పొద్దున్నే పంప్ ఆపరేటర్ పక్కన కూర్చుని టీ తాగండి. నాకు ప్లాంటు నేర్పింది ఆపరేటర్లే.

హంద్రీ_ఒడ్డు | జులై 12, ఉదయం 7:05

మా నాయన 22 ఏళ్ళు మురుగు పని చేశాడు. మీ పోస్టు చదివాను సార్. ఆ శనగగింజంత చిల్లు కోసం మోరీలోకి దిగింది ఎవరు? ఆ మాట మీరు రాయలేదు.

తుంగభద్ర_తేట | జులై 12, ఉదయం 8:30

రాయాల్సింది. తప్పు నాదే. నలుగురు దిగారు. పైన తెరిచి ఉన్న, మోకాలి లోతు మోరీ. ముందు మోటారుతో నీళ్ళు తోడించాం, బూట్లు, చేతులకు తొడుగులు ఇచ్చాం. పైపు తడిమి చిల్లు కనిపెట్టింది వాళ్ళలో పెద్దాయన, నేను కాదు.

మూసిన మ్యాన్‌హోల్‌లోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపే మాటే ఉండకూడదు. 2013 చట్టం ప్రకారం రక్షణ సామాన్లు, జాగ్రత్తలు లేకుండా అట్లా దింపితే నేరం. ఇట్లా చనిపోయినవాళ్ళ కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. లోపలుండే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు పనిచేయడం మానేస్తుంది. వాసన పోయింది, ఇక ఫరవాలేదు అనుకున్నవాడే పడిపోతాడు. వాణ్ణి లాగడానికి దిగినవాడు పడిపోతాడు. ఇది చదివే ఎవరైనా సెప్టిక్ ట్యాంకు తీయించాలంటే మిషన్ బండిని పిలవండి. మనిషిని దింపుతానంటే తిప్పి పంపండి. మూడేళ్ళకోసారి తీయిస్తే గట్టిపడదు, మిషనే లాగేస్తుంది.

హంద్రీ_ఒడ్డు | జులై 12, ఉదయం 9:11

చాలు సార్. మా నాయనకు చదివి వినిపించాను. ముక్కు పనిచేయదన్న మాట దగ్గర తల ఊపాడు.

మిద్దెమీది_తులసి | జులై 16, ఉదయం 8:45

సార్, సచివాలయంలో క్లోరోస్కోప్ ఉంది, ద్రావణం అయిపోయింది. అక్కడి అమ్మాయే రెండు రోజుల్లో తెప్పించింది. ఈ పొద్దు 4:30కు నేను, ఆ అమ్మాయి, ఎదురింటి వదిన కలిసి వీధి పైనుంచి మొదలుపెట్టాం. మొదటి ఇల్లు 0.5. నాలుగో ఇల్లు కూడా 0.5. ఏడో ఇల్లు గుంత కొళాయి. అక్కడ ముసలామె ఒక్కతే ఉంటుంది. గుంత నిండా సబ్బు నీళ్ళు, పచ్చ ట్యూబు కొస అందులోనే. దాని తర్వాత ఎనిమిదో ఇంట్లో రంగు రాలేదు. నా చేతిలో గొట్టం అట్లే తెల్లగా ఉండిపోతే ఒళ్ళు జలదరించింది. మేము తాగింది ఆ నీళ్ళే.

ముసలామెకు చెప్తే ఏడ్చింది, “నా వల్లనా” అని. కాదవ్వా, నీళ్ళు అందక కదా నువ్వు తవ్వుకున్నది అని చెప్పాం. ట్యూబు తీసేశాం. గుంత పూడ్చి, కొళాయి మెడ ఎత్తి కట్టడానికి ఫిట్టరు ఎల్లుండి వస్తానన్నాడు. ఆమెకు నీళ్ళు మా సంపులోంచి పట్టి ఇస్తాం. మా మోటారు కొళాయికి తీసేశాం. ఇంకో నలుగురు తీస్తామన్నారు, మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. సంపు ఎట్లా కడగాలి సార్?

తుంగభద్ర_తేట | జులై 16, మధ్యాహ్నం 1:40

తులసి గారూ, మీరు చేసింది చాలా గొప్ప పని. సంపు మొత్తం తోడేసి, గోడలు బ్రష్‌తో రుద్ది, ఆ నీళ్ళు పారబోయండి. తర్వాత నీళ్ళు నింపి వెయ్యి లీటర్లకు 200 గ్రాముల బ్లీచింగ్ చొప్పున, తేట మాత్రం పోసి, రాత్రంతా ఉంచండి. ఆ నీళ్ళు తాగొద్దు, పశువులకూ పెట్టొద్దు. పొద్దున తోడేసి మంచినీళ్ళతో ఒకసారి కడిగి వాడుకోండి. సంపులోకి దిగేముందు మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వండి, పైన ఒకరు ఉండాలి. బ్లీచింగ్ పోశాక ఎవరూ దిగొద్దు.

గుంత ఒక కారణం కావచ్చు, ఒక్కటే కారణం కాకపోవచ్చు. ట్యూబు తీశాక కూడా ఎనిమిదో ఇంట్లో రంగు రాకపోతే ఏడు, ఎనిమిది ఇళ్ళ మధ్య పైపు మోరీ దాటుతుందేమో తవ్వించి చూడాలి.

మిద్దెమీది_తులసి | జులై 18, ఉదయం 7:30

ఈ పొద్దు మొదటి బిందె వాసన చాలా తగ్గింది. ఎనిమిదో ఇంట్లో 0.2 వచ్చింది. లేత పసుపు, వదిన చూసి చప్పట్లు కొట్టింది. పదహారో ఇంట్లో మాత్రం ఇంకా రాలేదు. పదకొండు దాకా రంగు ఉంది, పన్నెండు నుంచి లేదు. అక్కడ రోడ్డు కింద మోరీ అడ్డంగా పోతుందని ఫిట్టరు చెప్పాడు. ఎల్లుండి నీళ్ళ రోజు. ఆ లోపల తవ్విస్తామని ఆఫీసులో మాట ఇచ్చారు. నేను 4:30కు పన్నెండో ఇంటి దగ్గర ఉంటాను.

పంపుహౌస్_కాడ | జులై 18, ఉదయం 9:05

అక్కా, ఎల్లుండి ఏమైందో తప్పకుండా రాయండి. మా ఊళ్ళో చివరి ఇంట్లో నిన్న 0.3 వచ్చింది.